అంటు కింద పిలకలు

తెచ్చిన టీని తిరిగి లోపలికి తీసుకెళ్ళిపోయిన ఇల్లు మా ఊళ్ళో ఒక్కటే. ఆ టీ నాకోసం తెచ్చినదే.

మా ఊరు మొక్కల ఊరు. ఇక్కడ పుట్టినవాడికి నడవడం, కత్తెర పట్టడం దాదాపు ఒకేసారి వస్తాయి. తోటపనివాడు ఏ ఇంటికి వెళ్ళినా పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి వసారా అంచుకి టీ వస్తుంది. అడగక్కర్లేదు. ఇంటాయనకీ మేస్త్రికీ పొద్దున్నే మాటా మాటా పెరిగినా సరే, పదయ్యేసరికి పళ్ళెం వస్తుంది. మేం బూట్లు విప్పకుండా, కాళ్ళు కిందికి వేలాడేసి, అక్కడే కూర్చుని తాగి లేస్తాం. గడప దాటి లోపలికి మాత్రం వెళ్ళం. మా తాతల నాటినుంచీ ఇదే పద్ధతి.

అలాంటి ఊళ్ళో, ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాక, ఒక అమ్మాయి నా ముందు పెట్టిన కప్పుని మళ్ళీ పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తప్పు నాదేనని తెలియడానికి నాకు పావుగంట పట్టింది. ఎంత తప్పో తెలిశాక, దాన్ని ఒప్పుకోడానికి రెండు నెలలు పట్టింది.

అది జూన్ ముసురు. నాకు తోటపని నేర్పిన మా నగకుబో మేస్త్రి మూడుకాళ్ళ నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుని ఆస్పత్రిలో ఉన్నాడు. మంచం మీద కళ్ళు మూసుకుని ఒక్కో ఇంటి పనీ నాకు అప్పజెప్పాడు. కొమోరి వారింటి దగ్గరికి వచ్చేసరికి ఒక్క కన్ను తెరిచాడు.

"అక్కడ పనేం లేదురా షుహేయ్. మేపుల్‌కి అంటు కింద పిలకలొస్తాయి. కనపడ్డవన్నీ కోసెయ్. వదిలేశావంటే పైచెట్టుని తినేస్తాయవి."

ఈ సంగతి మా ఊళ్ళో పలక పట్టని పిల్లలకి కూడా తెలుసు. అలంకారానికి పెంచే మేపుల్ ఒక చెట్టులా కనిపిస్తుంది కానీ రెండు చెట్లు. కింద వేరు మొండిదైన కొండ మేపుల్‌ది. పైన నాజూకు జాతి కొమ్మ. రెంటినీ కోసి, కలిపి, అంటు కడతారు. ఆ అంటు కిందనుంచి వేరు తన సొంత పిలకలు వేస్తూనే ఉంటుంది. ఊరుకుంటే అవే చెట్టయి కూర్చుంటాయి. అందుకే వాటిని కోసేస్తాం.

కొమోరి వారి చెట్టు మాత్రం ఊళ్ళో ఇంకెవరికీ లేనిది. ఆ ఇంటాయన బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ళ కిందట డిపో గోడ పక్కన దానంతటదే మొలిచిన మొక్క ఒకటి ఆయన కంటబడింది. ఆకులు దారప్పోగుల్లా సన్నగా, పండుమిరప రంగులో ఉన్నాయట. డిపో వాళ్ళు ఆ గోడ పడగొట్టి కొత్తది కట్టడానికి మొక్కని పీకేసే ముందు ఒక్క కొమ్మ కోసుకొచ్చి, మా మేస్త్రి చేత అంటు కట్టించుకున్నాడు. ఆ నెలలోనే కూతురు పుట్టింది. పెద్ద పెద్ద నర్సరీల వాళ్ళు వచ్చి కొమ్మలు అడిగినా ఇవ్వలేదు. పేరేమిటని అడిగితే, ఇంకా పెట్టలేదులెండి అనేవాడట. కిందటి నవంబరులో, చెట్టు నిండా ఎర్రగా ఉన్నప్పుడు, ఆయన పోయాడు.

ఆ పొద్దున నాకు తలుపు తీసింది ఆయన అక్క, కినుయో గారు. చేసుకో బాబూ నీ పని, అని లోపలికి వెళ్ళిపోయింది. పైచెట్టు దిగాలుగా ఉంది. ఒక పక్క కొమ్మకే ఆకు. కిందేమో ఛాతీ ఎత్తున పచ్చగా, దుడుగ్గా పిలకలు. ఓహో, ఇవే తినేస్తున్నాయి దాన్ని అనుకున్నాను. పన్నెండు పిలకలు. పన్నెండూ కోసి, వానలో కుప్పగా పడేసి, వసారా అంచుమీద ఘనకార్యం చేసినవాడిలా కూర్చున్నాను.

పదింటికి పళ్ళెం పట్టుకుని ఆ అమ్మాయి వచ్చింది. కప్పు పెట్టింది. పూర్ణం పెట్టిన బియ్యప్పిండి ఉండ పక్కన పెట్టింది. తలెత్తి చెట్టువైపు చూసింది. నేను ఉండ మీద చెయ్యి వేశాను.

"అవి ఎవరు కోశారు?" అంది.

నేనే అన్నాను.

"ఎవరినడిగి?"

అడిగే పనేముంది, అవి మీ నాన్నగారి చెట్టు కావు, అడుగు వేరువి, మేస్త్రి చెప్పాడు అని చాలా తెలివిగా వివరించాను. ఆమె నా మాటలన్నీ విన్నది. ఆమె గొంతు ఏమాత్రం పెరగలేదు.

"నాన్న పోయాక ఈ ఇంట్లో ఎదిగింది అదొక్కటే. రోజూ నీళ్ళు పోశాను" అంది. తర్వాత కప్పు తీసుకుంది. నా చేతికింద ఉన్న ఉండ కూడా తీసుకుంది. లోపలికి వెళ్ళింది.

కాసేపటికి గొడుగు లేకుండా బయటికి వచ్చి, కోసిన పిలకలన్నీ ఏరుకుని, పసిపిల్లలని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటి వెనక్కి పోయింది. జుట్టు తడిసి బుగ్గలకి అంటుకుపోయి ఉంది. ఇలాంటప్పుడు అందంగా ఉందని అనుకోకూడదు. నేను అనుకున్నాను.

ఆమె పేరు చిగుస. రైల్వే స్టేషను దగ్గర కళ్ళజోళ్ళ షాపులో పని.

టీ దొరకని ఉక్రోషంతో, చెట్టు మొదట్లో పరిచి ఉన్న గడ్డి లాగి పారేశాను. నాన్న చెట్టుకి ఎండ తగలకూడదని ఏప్రిల్‌లో ఆమె పరిచిన గడ్డి అది. కింద రంపపు పొట్టు. గుప్పెడు కాదు, చేటెడు. కాండం చుట్టూ వేలు పట్టేంత కన్నాలు.

కాండం తొలిచే పురుగు మేపుల్‌కి యముడు. దాని జాడ ఆ పొట్టు ఒక్కటే. ఇంటాయన ఉన్నన్నాళ్ళూ డ్యూటీకి వెళ్ళే ముందు ఒంగి చెట్టు మొదలు చూసుకునేవాడట. ఇప్పుడు గడ్డి దాన్ని కప్పేసింది. బెరడు గోకి చూశాను. అంటు పైన చుట్టూతా గోధుమరంగే. దక్షిణం వైపు రెండు వేళ్ళ వెడల్పున మాత్రం పచ్చగా ఉంది. ఆ ఒక్క కొమ్మా దానిమీద బతుకుతోంది.

అప్పుడు తెలిసింది నాకు. పైచెట్టు పోతోంది. పోయే చెట్టుకి బతికే దారి ఆ పిలకలే. ఎర్ర కొమ్మలు కోసి వాటికే అంటు కట్టి ఉంటే, అదే వేరు మీద, అదే చోట చెట్టు మళ్ళీ లేచేది. మేస్త్రి చెప్పింది ఆరోగ్యంగా ఉన్న చెట్టు సంగతి. నేను పైన సరిగ్గా చూడకుండానే కింద కోసేశాను. ఆమెకి పని తెలియదు, అయినా కాపాడుకుంటూ వచ్చింది. నాకు పని తెలుసు, చేజేతులా చంపాను.

మూడింటికి ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి పళ్ళెంలో టీ ఉంది. పద్ధతి తప్పినందుకు అత్త తిట్టిందని, అందుకే తెచ్చానని ముందే చెప్పింది. కప్పు పెట్టి, అలాగే నిలబడి అడిగింది.

"చెట్టు బతుకుతుందా?"

నిజం చెప్పాలంటే, మీరు పరిచిన గడ్డి పురుగుని దాచిందని చెప్పాలి, నా కత్తెర మిగిలిన దారి మూసేసిందని చెప్పాలి. ఆమె కళ్ళకింద ఏడ్చిన చార ఇంకా ఆరలేదు.

"బతుకుతుంది" అన్నాను.

ఆమెను బాధపెట్టలేక అన్నానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నన్ను నేను కాపాడుకోడానికి అన్నాను.

ఆ తర్వాత ప్రతి బుధవారం వెళ్ళాను. బుధవారం ఆమె షాపుకి సెలవు. కన్నాల్లో తీగ పొడిచి పురుగులని తీసేవాణ్ణి, మందు కూరేవాణ్ణి, పైన పూత పూసేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. కాని వెళ్ళడానికి ఒక వంక కావాలి కదా.

జులైకి ఆమె కోపం సగం దిగింది. మిగతా సగాన్ని వేళాకోళంగా మార్చుకుంది. ఒకరోజు పళ్ళెం పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, రెండు వేళ్ళు చూపించింది.

"ఇవెన్ని?"

"రెండు."

"ఇప్పుడు?"

"మూడు. ఎందుకండీ?"

"ఏం లేదు. ఉంచాల్సినదానికీ కోసెయ్యాల్సినదానికీ తేడా తెలియని మనిషి కదా, కళ్ళు పరీక్ష చేయించుకోవాలేమోనని. మా షాపుకి రండి. పనివాళ్ళకి తగ్గించి ఇస్తారు."

నేను నవ్వాను. నవ్వుతూనే లోపల చచ్చాను. ఆమె అన్నది ఆమె అనుకున్నదానికంటే నిజం.

ఇంటి వెనక, నీడపట్టున, పన్నెండు కుండీలు కనిపించాయి. కోసిన పిలకలని చివర్లు కత్తిరించి, ఎర్రమట్టి గుళికల్లో గుచ్చి, మీద ప్లాస్టిక్ సంచులు బోర్లించింది. కొండ మేపుల్ అడవి నిండా ఉంటుంది, వీటికింత సేవా అన్నాను. మిమ్మల్నడిగానా అంది. ముసుర్లో నాటితే కొమ్మ వేరు పట్టొచ్చు, ఆ మాట నిజమే. అప్పటికే అయిదు ఎండిపోయాయి. ఎండినవాటిని కూడా ఆమె పారెయ్యలేదు.

వాన జోరుగా పడే రోజుల్లో పని ఉండదు. అయినా వెళ్ళేవాణ్ణి. వసారా చూరు కింద కూర్చుంటే చినుకులు నా బూట్ల మీద పడేవి, ఆమె లోపల గుమ్మానికి ఆనుకుని కూర్చునేది. మా ఇద్దరి మధ్యా గడప, ఒక పళ్ళెం. వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వచ్చి, టోపీ కూడా తియ్యకుండా చెట్టు దగ్గర నిలబడి ఆరోజు బస్సెక్కినవాళ్ళ సంగతులు చెప్పేవాడట. కూతురికో, చెట్టుకో తెలిసేది కాదట. ఇప్పుడు ఇంట్లో అత్త ఉంది, తను ఉంది, కాని ఎవరూ ఏమీ చెప్పుకోరు. అది చెప్తూ ఆమె వానలోకి చూసింది. నేను ఆమెనే చూశాను. ఆమె తల తిప్పింది. నేను గబుక్కున టీ తాగి నోరు కాల్చుకున్నాను.

"షుహేయ్ గారూ, ఇంత వానలో పనేముందని వచ్చారు?"

"చెట్టుని చూద్దామని."

"చెట్టు అటుంది" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పనక్కర్లేదు. సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. ఆ ఇంట్లో నాకు దొరికే ప్రతి చిరునవ్వూ ఒక అబద్ధం మీద నిలబడి ఉంది. తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

ఆగస్టులో, చనిపోయినవాళ్ళు ఇళ్ళకి వచ్చే పండగ వచ్చింది. ఆయన పోయాక మొదటిసారి కాబట్టి గుమ్మానికి తెల్ల లాంతరు కట్టారు. తమ్ముడు దారి తప్పకుండా రావడానికి తోట శుభ్రం చెయ్యాలని కినుయో గారు కబురు పెడితే వెళ్ళాను. నేను నాచు మీద రాలిన ఆకులు ఏరుతున్నాను. లోపల బంధువులతో కినుయో గారు అంటున్న మాట వినపడింది. "చెట్టుకేం భయం లేదటలెండి. మేస్త్రి మనిషి చెప్పాడు. తమ్ముడు వచ్చి చూసుకుంటే వాడి మనసు కుదుటపడుతుంది."

నా చేతిలో ఆకులు అలాగే ఉండిపోయాయి. బతికున్నవాళ్ళతో అబద్ధమాడి రెండు నెలలు లాక్కొచ్చాను. పోయినాయన కూడా ఆ మాట నమ్మి వస్తున్నాడంటే మాత్రం నావల్ల కాలేదు.

మూడింటికి చిగుస పళ్ళెం తెచ్చింది. సంతాపపు నల్ల బట్టల్లో ఉంది. కూర్చోమన్నాను. మొత్తం చెప్పాను. పురుగు సంగతి, గడ్డి సంగతి, పైచెట్టు ఎక్కువ కాలం ఉండదన్న సంగతి, ఆ పిలకలుంటే ఏం చెయ్యొచ్చో, నేను ఏం చేశానో. సారీ అన్న మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అది ఎంత చిన్న మాటో అప్పుడు తెలిసింది.

ఆమె పళ్ళెం అంచుని వేలితో రుద్దింది.

"అయితే ఆరోజు నేను ఏడ్చింది సరిగ్గానే ఏడ్చానన్నమాట."

"అవును."

"గడ్డి నేనే పరిచాను."

"పురుగు గడ్డి లేకపోయినా వస్తుందండీ."

"వస్తుంది. కనపడేది కదా" అంది. తర్వాత లేచింది. "మీరు ఆరోజే చెప్పుంటే, ఆరోజే తిట్టి ఊరుకునేదాన్ని. ప్రతి బుధవారం ఎదురుచూశాను నేను. రేపట్నుంచి రాకండి."

ఈసారి ఆమె కప్పు తీసుకెళ్ళలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. టీ తాగకుండా వచ్చేశాను.

మేస్త్రి ఆస్పత్రినుంచి వచ్చి, కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఆయనకీ చెప్పాను. కర్ర ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు.

"నీకు కత్తెర ఇచ్చాను. కళ్ళు కూడా నేనే ఇవ్వాలట్రా?" అన్నాడంతే. తర్వాత ఆ కొమ్మ చలికాలం దాకా ఆగుతుందా అని అడిగాడు. తెలియదన్నాను. ఆగితే జనవరి చివర్లో, రసం పైకెక్కకముందే పుల్లలు కోసి పెట్టుకో, అంటు కడదాం, కింద మొక్కలకి మన దగ్గర కరువా అన్నాడు. రావద్దన్నారు కదా అంటే, "రావద్దంది ఆ పిల్ల. చెట్టు నిన్నేమన్నా అందా?" అన్నాడు.

నవంబరులో ఆ ఒక్క కొమ్మా ఎర్రబారింది. ట్రక్కు ఆపి కంచె మీదుగా చూశాను. మొండి చెట్టుకి ఒక పక్క వేలాడుతున్న ఎర్రదనం. ఆయన పోయి ఏడాది అవుతోంది. మరునాడు వెళ్ళాను. ఆ మరునాడూ వెళ్ళాను. ఆకులన్నీ రాలేదాకా వెళ్ళాను. ఇంట్లోకి మాత్రం వెళ్ళలేదు. అడుగు వేరు మళ్ళీ ఒక్క పిలకైనా వేస్తుందేమోనని చూశాను. వెయ్యలేదు. పురుగు వేరుదాకా దిగిపోయింది.

జనవరి చివర, నేల గడ్డకట్టిన ఒక పొద్దున, ఆ ఇంటి తలుపు తట్టాను. చిగుసే తీసింది. బాగా చిక్కిపోయి ఉంది.

"కొమ్మ ఇంకా బతికుంది. పుల్లలు కోసుకోనిస్తే అంటు కడతాను. బతుకుతుందని చెప్పను. ఆరు కడితే ఆరూ పోవచ్చు" అన్నాను.

"నవంబరంతా మీరు కంచె అవతల నిలబడుంటే లోపలికి వస్తారేమోనని చూశాను" అంది. "ఆ ట్రక్కు చప్పుడు మా వీధిలో కుక్కలక్కూడా తెలుసు."

"రావద్దన్నారు కదండీ."

"అన్నాను. నేను చెప్పినవాటిలో అదొక్కటే విన్నారు మీరు."

ఆ కొమ్మలో పనికొచ్చే పుల్లలు ఆరే వచ్చాయి. తడి నాచులో చుట్టి, పైన కాగితం చుట్టి, మార్చిదాకా వాళ్ళ ఫ్రిజ్‌లోనే పెట్టాం. అంటు కట్టేటప్పుడు తనూ పక్కనుండాలంది, నేను కాదనలేదు. రెండు వారాలకి కినుయో గారు మా మొక్కల తోటకి ఫోన్ చేసి మేస్త్రిని పట్టుకుని దులిపేసింది. పులుసులో వేసే గోబో అనే పొడుగాటి దుంపలనుకుని ఆ పుల్లలు కడిగి, చెక్కు తియ్యబోయిందట, చిగుస అరిచిన అరుపుకి చాకు కాలిమీద పడిందట. తిండి పెట్టే చోట చెట్లు పెట్టేవాళ్ళని ఎక్కడా చూడలేదంది. ఫోన్ పెట్టాక మేస్త్రి, ఏడాదిగా ఆ ఇంట్లోంచి ఇంత గొంతు విననేలేదురా, మంచిదే అన్నాడు.

మార్చి మొదట్లో అంటు కట్టే రోజు నేను మా తోటనుంచి ఆరు మొక్కలు తీసుకెళ్ళాను. బలంగా, పెన్సిలంత లావున ఉన్న మంచి అడుగు మొక్కలు. ఆమె ఇంటి వెనక్కి వెళ్ళి రెండు కుండీలు తెచ్చింది. పన్నెండులో మిగిలినవి ఆ రెండే.

"వీటికి కట్టండి."

సన్నగా ఉన్నాయి, వేరు ఇంకా కుదురుకోలేదు, ఉన్నవే ఆరు పుల్లలు, వీటిమీద పెడితే పోగొట్టుకోవడమే అన్నాను. నిజమే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాను కదా.

"ఆ వేరు నాన్న ఎంచుకున్నది. ఆ చెట్టులో ఇంకేం మిగల్లేదు" అంది. "నాలుగు మీ మొక్కలకి కట్టండి. రెండు నాకోసం పోగొట్టండి."

అంటు కట్టడం ఒక చేతి పని కాదు. పుల్లని చీలికలో దించి పచ్చపొర పచ్చపొర కలిసేలా ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు పట్టీ చుట్టాలి. మొదటి అయిదూ మామూలుగా పట్టుకుంది. ఆరోది ఆమె కుండీది. వేళ్ళు వణుకుతున్నాయి. కదలకండి, ఊపిరి బిగపట్టండి అన్నాను.

"వణుకుతోంది నేనా, మీరా?"

చూస్తే నేనే. పట్టీ చుట్టడం అయిపోయింది. ఆమె వేళ్ళు నా వేళ్ళ కిందే ఉన్నాయి. తియ్యలేదు.

"చిగుస గారూ, ఇది బతికినా, బతక్కపోయినా నేను బుధవారం రావచ్చా?"

"మళ్ళీ నాతో అబద్ధం చెప్తారా?"

"చెప్పను."

"అయితే ఒకటి చెప్పండి. నాన్న చెట్టుని చంపింది ఎవరు?"

"పురుగు. మనిద్దరం దానికి సాయం చేశాం."

ఆమె కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. చాలా నెమ్మదిగా తల ఊపింది. రండి అంది.

ఏప్రిల్‌లో మా తోట మొక్కలు నాలుగిటిలో మూడు నల్లబడిపోయాయి. ఒకటి నిలిచింది. ఆమె కుండీల్లో ఒకటి పోయింది. రెండోదాని సంగతి ఆమె ఫోన్‌లో చెప్పలేదు. వచ్చి చూడండి అని పెట్టేసింది. వేరే ఇంట్లో పని మధ్యలో వదిలి పరిగెత్తాను. మూడవుతోంది.

కుండీ వసారా మీద ఉంది. పట్టీ పైన గోరంత ఎర్ర మొగ్గ విడింది. దారప్పోగుల్లాంటి ఆకులు, మూడే మూడు, పండుమిరప రంగులో. నేను కుండీ దగ్గరికి వంగాను. అప్పుడు కింద చూశాను. అంటు కింద ఇంకో మొగ్గ. పచ్చగా, దుడుగ్గా, ఎర్రదానికి రెండింతలుంది.

చెయ్యి చాపబోయి ఆగిపోయాను. పోయినేడాది అంతా నా కళ్ళముందు కదిలింది. ఆమె ఆ పచ్చమొగ్గనే చూస్తోంది. వానలో ఏరుకుని, పది నెలలు కుండీలో సాకింది దాన్నే.

"ఉంచితే ఏమవుతుంది?" అంది.

"పైదాన్ని తినేస్తుంది."

"నిజంగానా?"

"నిజంగా. ఈసారి పైకి చూసే చెప్తున్నాను."

ఆమె వంగింది. బొటనవేలితో ఆ పచ్చమొగ్గని నిమిరింది. తర్వాత గోటితో గిల్లేసింది. గిల్లిన దాన్ని పారెయ్యలేదు, అరచేతిలో పెట్టుకుని మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. "నాన్న ఉంటే బస్సు సంగతులు మొదలుపెట్టేవాడు" అని మాత్రం అంది.

పొద్దున నేను పని చేసిన ఇంట్లో ఒక ముసలాయన పైన్ చెట్టుకి నా చేత దణ్ణం పెట్టించిన సంగతి ఎర్ర మొగ్గకి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నావైపు చూసింది. సగంలో నవ్వింది.

లోపల కప్పుల చప్పుడయింది. నేను అలవాటు ప్రకారం వసారా అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. కినుయో గారు పళ్ళెం తెచ్చి గుమ్మంలో ఆగింది. కుండీని చూసింది, మేనకోడలిని చూసింది, నన్ను చూసింది.

"ఇవాళ ఇక్కడ నీకు పనేం లేదుగా?" అంది.

లేదండీ, ఊరికే వచ్చాను అన్నాను.

"మరి అక్కడ కూర్చున్నావేం? ఆ అంచు పనివాళ్ళది."

ఆమె పళ్ళెం బయట పెట్టలేదు. వెనక్కి తిరిగి లోపలికి తీసుకెళ్ళింది. రెండోసారి ఈ ఇంట్లో నా టీ వెనక్కి వెళ్ళిపోతోందనుకున్నాను. లోపల బల్ల మీద కప్పులు పెడుతున్న చప్పుడు వినపడింది. ఒకటి, రెండు, మూడు. కాసేపాగి నాలుగోది కూడా. అది గోడమీద తమ్ముడి ఫొటో ముందు పెట్టింది.

"బూట్లు విప్పి రా నాయనా, చల్లారిపోతోంది" అని లోపలినుంచి కేకేసింది.

మా పని బూట్లకి ఒక్కో కాలికి పన్నెండు కొక్కేలు. నా చేతులు వాటిని విప్పలేకపోయాయి. చిగుస నా పక్కన కూర్చుని రెండో కాలిది తీయడం మొదలుపెట్టింది.